బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ)లో మధ్యలో వచ్చిన ఖాళీకి ఎంపికైతే పదవీకాలం మూడేళ్లా, మిగిలిన నెలలేనా?

పటమట పాఠకురాలు, విజయవాడ:

అందరికీ నమస్కారం. సోషల్ వర్క్‌లో పీజీ చేసి, రైల్వే స్టేషన్లలో ఒంటరిగా దొరికే పిల్లల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో పదకొండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. విజయవాడ జంక్షన్‌లో రాత్రి బండ్లు దిగే పిల్లలతో మాట కలపడం దగ్గర నుంచి, వాళ్లను, ఆదరణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయాలు తీసుకునే జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచడం దాకా అన్నీ చేసినదాన్నే. మా సంస్థ నాలుగైదు జిల్లాల్లో పనిచేస్తుంది కాబట్టి చాలా కమిటీలను దగ్గరగా చూశాను.

వాటిలో ఒక జిల్లా కమిటీలో (పేరు వద్దు) కొంతకాలంగా రెండు స్థానాలు ఖాళీగా ఉన్నాయి. ఆ గదిలో అయిదు కుర్చీలుంటే, చివరి రెండింటి మీద ఫైళ్లు పేర్చి ఉంటాయి. మిగిలిన ముగ్గురిలో ఒకరికి డెంగ్యూ వచ్చి మంచం పట్టడంతో, శిశుగృహలో ఉన్న ఒక ఏడాదిన్నర పాప ఫైలు వరసగా మూడు వాయిదాలు పడింది. దత్తతకు ఇవ్వవచ్చని ప్రకటించే ఉత్తర్వు ఒక్కటే మిగిలి ఉంది. హాజరైన ఇద్దరూ ప్రతిసారీ ఫైలు తెరిచి, తేదీ వేసి, మూసేవారు. వాళ్లను తప్పుపట్టలేను.

అది చూశాక ఇలాంటి ఖాళీకి నేనే ఎందుకు దరఖాస్తు చేయకూడదనిపించింది. నా సందేహాలు ఇవి. మధ్యలో వచ్చిన ఖాళీలోకి వెళ్లిన సభ్యురాలికి నియామక ఉత్తర్వు తేదీ నుంచి పూర్తిగా మూడేళ్లు ఉంటుందా, లేక కమిటీకి మిగిలిన కాలమేనా? తరువాత మళ్లీ నియమిస్తారా? ఇప్పుడు చేస్తున్న ఉద్యోగంలో కొనసాగవచ్చా? చట్టం తెలిసినవారు, అంతకన్నా ముఖ్యంగా ఆ కుర్చీలో కూర్చున్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.

విశ్రాంత సూపరింటెండెంట్, గుంటూరు:

అమ్మా, ప్రభుత్వ నియామకాల ఫైళ్లు ముప్పై ఏళ్లకు పైగా చూసినవాడిగా చెబుతున్నాను. ఏ సభ్యుడికైనా పదవీకాలం జీవోలో రాసిన తేదీ నుంచే మొదలవుతుంది. బాలల న్యాయ చట్టంలో మూడేళ్లని ఉంది కాబట్టి మీకూ మూడేళ్లే రావాలి. ఇక కోరం, అంటే నిర్ణయానికి హాజరు కావలసిన కనీస సభ్యుల సంఖ్య, దాని విషయంలో అంత కంగారు అక్కరలేదు. అయిదుగురిలో ముగ్గురుంటే చాలని చట్టమే చెబుతోంది, ముగ్గురు ఉన్నారు కదా. ఖాళీలు లేని బోర్డు నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు.

బ్రాడీపేట న్యాయవాది, గుంటూరు:

పై సమాధానం రాసిన పెద్దాయన అనుభవం మీద గౌరవం ఉంచుకునే రెండు చోట్ల విభేదిస్తున్నాను, ఎందుకంటే దాన్ని నమ్మి దరఖాస్తు చేస్తే ఈ అమ్మాయి నష్టపోతుంది.

మొదట పదవీకాలం సంగతి. 2015 చట్టం 27వ సెక్షన్ ఎవరికీ మూడేళ్లు హామీ ఇవ్వదు. ఎవరినీ మూడేళ్లకు మించి నియమించరాదని మాత్రమే అంటుంది. అంటే మూడేళ్లు గరిష్ఠ పరిమితి మాత్రమే. కేంద్రం 2016లో తెచ్చిన నమూనా నియమావళి ప్రకారం, మధ్యలో ఏర్పడిన ఖాళీలోకి వచ్చిన వ్యక్తి ఆ కమిటీకి మిగిలిన కాలమే ఉంటారు. కమిటీ ఏర్పడి రెండేళ్లు గడిచాక మీరు చేరితే మీకు దక్కేది ఒక ఏడాది. 110వ సెక్షన్ రాష్ట్రాలకు సొంత నియమాలు చేసుకునే అధికారం ఇచ్చింది, అవి వచ్చేదాకా నమూనా నియమాలే తగిన మార్పులతో వర్తిస్తాయి. కాబట్టి నోటిఫికేషన్‌లో ఏ నియమాన్ని ఉదహరించారో మొదట చూసుకోండి.

ఇంకో చిక్కు చాలామంది గమనించరు. నమూనా నియమాల ప్రకారం ఒక వ్యక్తికి గరిష్ఠంగా రెండు పదవీకాలాలే, అవి కూడా వరసగా ఉండకూడదు. ఇలా మిగిలిన ముక్కను ఒక పదవీకాలంగా లెక్కించాలా వద్దా అని ఆ నియమం విడమరచి చెప్పలేదు. లెక్కిస్తారని అనుకుని ముందుకు వెళ్లడమే క్షేమమని నా అభిప్రాయం. అప్పుడు మధ్యలో చేరినవారు ఉన్న రెండు అవకాశాల్లో ఒకటి ఆ కొద్ది కాలానికే ఖర్చు చేసుకుంటారు, పైగా వెంటనే ఏర్పడే కొత్త కమిటీకి అనర్హులవుతారు. అర్హత ఉన్నవారు ఈ లెక్క చూసుకుని పూర్తి కమిటీ నోటిఫికేషన్ కోసం ఆగిపోతే ఆశ్చర్యం లేదు. మధ్యలో వచ్చిన ఖాళీలు అలాగే మిగిలిపోవడానికి ఎప్పుడూ ప్రభుత్వ అలసత్వమే కారణం అనుకోకూడదు, నియమం రాసిన తీరులోనే ఆ చిక్కు ఉంది.

ఇక కోరం. 28వ సెక్షన్ ప్రకారం ఒక సభ్యుడు రాలేదన్న కారణంతోనే కమిటీ ఉత్తర్వు చెల్లకుండా పోదు, కానీ కేసును ముగించే తుది ఉత్తర్వు నాటికి కనీసం ముగ్గురు హాజరై ఉండాలి. 38వ సెక్షన్ ఇంకా గట్టిది. అనాథ బిడ్డనైనా, వదిలేసిన బిడ్డనైనా, తల్లిదండ్రులు అప్పగించిన బిడ్డనైనా దత్తతకు చట్టపరంగా అర్హత ఉన్నట్లు ప్రకటించే నిర్ణయం కనీసం ముగ్గురు సభ్యులు తీసుకోవాలని విడిగా మళ్లీ చెప్పింది. అనాథలూ, వదిలేసిన బిడ్డలూ అయితే దానికి గడువు కూడా పెట్టింది: రెండేళ్ల లోపు బిడ్డకు రెండు నెలలు, ఆపై వయసు బిడ్డకు నాలుగు నెలలు. అయిదుగురున్న కమిటీలో ఇద్దరు సెలవు పెట్టినా పని ఆగదు. ముగ్గురే ఉన్న కమిటీలో ఒక్కరికి జ్వరం వస్తే ఆగుతుంది. ప్రశ్న అడిగినవారు చెప్పిన పాప విషయంలో జరిగింది సరిగ్గా ఇదే కాబట్టి, "ముగ్గురు ఉన్నారు కదా" అన్న మాట అక్కడ పనికిరాదు.

నేరారోపణ ఎదుర్కొనే పిల్లల కేసులు విచారించే బాల న్యాయ మండలిలో పరిస్థితి మరోలా ఉంటుంది. అక్కడ ఉండేది ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ. తుది ఉత్తర్వుకు ప్రిన్సిపల్ మేజిస్ట్రేట్‌తో కలిపి ఇద్దరు చాలు. కానీ ఆ రెండు సామాజిక కార్యకర్తల స్థానాలూ ఒకేసారి ఖాళీ అయితే మేజిస్ట్రేట్ రోజూ వచ్చి కూర్చున్నా కేసు ముగించలేరు. నేను హాజరయ్యే మండళ్లలో ఒకదానిలో ఒకప్పుడు ఈ స్థితి వచ్చింది. మండలి ఎత్తైన వేదిక మీద కూర్చోకూడదు, బోను ఉండకూడదు అన్న నియమం వల్ల అందరం ఒకే మట్టంలో బల్ల చుట్టూ కూర్చునేవాళ్లం. మేజిస్ట్రేట్‌కు రెండు పక్కలా ఖాళీ కుర్చీలు, ఎదురుగా సెల్‌ఫోన్ దొంగతనం కేసులో వచ్చిన పదిహేనేళ్ల కుర్రవాడు, వాడి పక్కన కూలి పని మానుకుని వచ్చిన తల్లి. విచారణ ఎప్పుడో అయిపోయింది. ఆవిడ అయిదుసార్లు వచ్చి అయిదుసార్లూ వాయిదా తేదీ చీటీ పట్టుకుని వెళ్లింది.

కృష్ణలంక విద్యార్థి, విజయవాడ:

నాది చిన్న సందేహం. పదవీకాలం అయిపోయాక కొత్తవారు వచ్చేదాకా పాత సభ్యులే కొనసాగవచ్చు కదా? కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కూడా అలాగే నడిపి ఉంటారు కదా?

బ్రాడీపేట న్యాయవాది, గుంటూరు:

మూడేళ్లకు మించి నియమించరాదని చట్టంలోనే ఉన్నప్పుడు, గడువు దాటాక పాతవారు కూర్చోవాలంటే కనీసం ప్రభుత్వ ఉత్తర్వైనా కనబడాలి. అది కూడా లేకుండా ఇచ్చిన ఉత్తర్వు మీద అవతలి పక్షం అభ్యంతరం లేవనెత్తితే సమర్థించుకోవడం కష్టం. పైగా ఆ కష్టం సభ్యులకు కాదు, దత్తత తీసుకున్న తల్లిదండ్రులకు చుట్టుకుంటుంది. పక్క జిల్లా కమిటీకి అదనపు బాధ్యత అప్పగించడం దీనికన్నా నయమైన పద్ధతి, కానీ బిడ్డనూ ఫైలునూ అంత దూరం తిప్పవలసి వస్తుంది.

జిల్లాల విషయానికి వస్తే, 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత కృష్ణా జిల్లా నుంచి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా, పాత గుంటూరు నుంచి పల్నాడు, బాపట్ల వైపు ప్రాంతాలు విడిపోయాయి. చట్టం ప్రతి జిల్లాకూ ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ కమిటీలు ఉండాలని చెబుతుంది కాబట్టి, పటం మీద గీత గీసిన ప్రతిసారీ ఒక్కో కొత్త జిల్లాకు కొత్తగా అయిదుగురు అర్హులను వెతకవలసిందే.

ఖాళీలు భర్తీ చేయాలని సుప్రీంకోర్టు చెప్పలేదా అంటే గట్టిగానే చెప్పింది. 2005లో దాఖలైన సంపూర్ణ బెహురా వ్యాజ్యంలో 2018 ఫిబ్రవరి 9న తీర్పు ఇస్తూ, బాల న్యాయ మండళ్లలోనూ సంక్షేమ కమిటీలలోనూ ఉన్న స్థానాలన్నీ నియమాల ప్రకారం త్వరగా భర్తీ చేయాలంది. అమలు తీరును తమంతట తాముగా విచారణకు స్వీకరించాలని హైకోర్టులను కూడా కోరింది. ఆ వ్యాజ్యం తేలడానికే పన్నెండేళ్లు దాటింది. అది మొదలైన నాడు పుట్టిన బిడ్డ అప్పటికి ఏడో తరగతికి వచ్చి ఉంటుంది.

మాజీ సభ్యురాలు, గుంటూరు:

ప్రశ్న అడిగిన చెల్లెలికి, చట్టం గురించి న్యాయవాది గారు చెప్పారు కాబట్టి నేను రోజువారీ సంగతి చెబుతాను. ఒక పూర్తి పదవీకాలం ఆ కుర్చీలో కూర్చున్నాను.

మొదట తెలుసుకోవలసింది, ఇది నెలకోసారి టీ తాగి మినిట్స్ మీద సంతకం పెట్టే బోర్డు కాదు. కమిటీ నెలకు కనీసం 20 రోజులు సమావేశం కావాలి. ఏడాదికి 240 సిట్టింగులనుకుంటే వాటిలో నాలుగింట మూడు వంతులు, అంటే 180కి తగ్గకుండా హాజరు కావాలి. సరైన కారణం లేకుండా వరసగా మూడు నెలలు రాకపోతే ప్రభుత్వం విచారణ జరిపి తొలగించవచ్చు. ఊరట ఏమిటంటే, పిల్లల వసతి గృహాల పనితీరు చూడడానికి కమిటీగా వెళ్లిన రోజు కూడా సిట్టింగుగానే లెక్కకు వస్తుంది. నా మూడేళ్లలో నాకు ఎక్కువ విషయాలు తెలిసింది ఆ రోజుల్లోనే. రిజిస్టర్‌లో ముప్పై రెండు పేర్లు, ఉతికి ఆరేసిన దుప్పట్లు ఇరవై. మిగతా పిల్లలు దేనిమీద పడుకుంటున్నారని అడిగితే వార్డెన్ నేల వైపు చూసింది.

డబ్బు సంగతి అడగడానికి అందరూ మొహమాటపడతారు. జీతం ఉండదు. సిట్టింగుకు ఇంత అని ఇస్తారు. 2016 నమూనా నియమాలు దాన్ని 1,500 రూపాయలకు తగ్గకూడదన్నాయి, కానీ దారి ఖర్చులు కూడా అందులోనే. నాకు ఒక దశలో అయిదు నెలల బకాయి ఒకేసారి వచ్చింది. ఆ అయిదు నెలలూ బస్సు ఛార్జీలు మా ఆయన జేబులోంచే పోయాయి. ఇంట్లో మరో ఆదాయం లేనివారు ఈ పని చేయలేరు. అర్హత ఉండీ ముందుకు రానివారిలో సగం మంది ఇక్కడే ఆగిపోతారని నాకు తెలుసు.

మా కమిటీలోనూ రెండో ఏడాది ఒకరు తప్పుకున్నారు. నెల రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఏ సభ్యుడైనా రాజీనామా చేయవచ్చు. ఆమె కొడుకు కాన్పూర్‌లో చదువుకుంటూ జబ్బు పడ్డాడు, వెళ్లకుండా ఎలా ఉంటుంది? అలాంటప్పుడు ఎంపిక కమిటీ మొదట్లో తయారుచేసిన పేర్ల జాబితా నుంచే తరువాతి వ్యక్తిని తీసుకోవాలని నియమం. హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన ఉండే ఆ ఎంపిక కమిటీ జాబితాను పొడుగ్గా తయారుచేసి ఉంటే ఖాళీ వారాల్లో నిండుతుంది. అయిదు స్థానాలకు ఆరు పేర్లే రాసి ఉంటే మళ్లీ నోటిఫికేషన్, మళ్లీ ఇంటర్వ్యూ. మీరు చెప్పిన ఖాళీకి కొత్తగా నోటిఫికేషన్ వస్తే, జాబితా అయిపోయిందనే అర్థం.

ఆ పాప సంగతి చదివాక నిద్ర పట్టలేదు. ఒక్క మాట చెబుతాను. కమిటీ పనితీరు మీద ఫిర్యాదులు వినే అధికారం జిల్లా కలెక్టర్‌ది. బిడ్డతో సంబంధం ఉన్న ఎవరైనా ఆయనకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. కమిటీ కూడా తన పెండింగ్ లెక్కలు మూడు నెలలకోసారి కలెక్టర్‌కు పంపాలి. శిశుగృహ తరఫున, బిడ్డ ఏ తేదీన కమిటీ ముందుకు వచ్చింది, రెండు నెలల గడువు ఏ రోజుతో ముగిసింది, ఏయే తేదీల్లో కోరం లేక వాయిదా పడింది, ఈ మూడూ రాసి ఒక పేజీ ఇవ్వండి. ఆవేశం వద్దు, తేదీలు చాలు. ఖాళీల ఫైలు కదలడానికి అటువంటి కాగితం ఎంత పనికొస్తుందో నేను చూశాను.

పటమట పాఠకురాలు, విజయవాడ:

మీ అందరికీ కృతజ్ఞతలు. అక్కా, ఆ ఒక పేజీ ఈ రోజే రాయించాను. డెంగ్యూ నుంచి కోలుకున్న సభ్యుడు వచ్చే సోమవారం నుంచి హాజరవుతారని కూడా తెలిసింది, కాబట్టి ఆ ఫైలు ముందు కదులుతుందో కాగితం ముందు కదులుతుందో చూడాలి.

నా ఉద్యోగం ప్రశ్న ఒక్కటి మిగిలిపోయింది. మా సంస్థకు ఒక ఓపెన్ షెల్టర్ (పిల్లలకు తాత్కాలిక ఆశ్రయమిచ్చే చోటు) ఉంది. నేను దాని కోఆర్డినేటర్‌ని, ఖర్చుల వోచర్ల మీద సంతకం నాదే. పక్క జిల్లా కమిటీకి దరఖాస్తు చేస్తే ఇబ్బంది ఉండదని మా ఆఫీసులో అంటున్నారు.

బ్రాడీపేట న్యాయవాది, గుంటూరు:

ఇబ్బంది ఉంటుంది. 2021 సవరణ 27వ సెక్షన్‌లో అనర్హతల జాబితా ఒకటి చేర్చింది. నేరచరిత్ర, బాలల హక్కుల ఉల్లంఘన, ప్రభుత్వ ఉద్యోగం నుంచి తొలగింపు వంటివాటితో పాటు, పిల్లల సంరక్షణ సంస్థ యాజమాన్యంలో భాగమై ఉండటం కూడా అందులో ఉంది. ఓపెన్ షెల్టర్ చట్టం దృష్టిలో పిల్లల సంరక్షణ సంస్థే. వోచర్ల మీద సంతకం చేసే కోఆర్డినేటర్ యాజమాన్యం కిందికి వస్తారా, కేవలం ఉద్యోగి మాత్రమేనా అన్నది వాదించుకోదగిన విషయమే గాని, ఆ వాదన మీ ఇంటర్వ్యూ గదిలో జరగడం మీకు మంచిది కాదు. చట్టంలో ఉన్న మాట "ఒక జిల్లాలో" అని, అంతేగాని "అదే జిల్లాలో" అని కాదు. పక్క జిల్లా అన్న ఉపాయం అందుకే గట్టిగా నిలబడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అనర్హత వర్తించేది నియామకం నాటికి కాదు, ఎంపికకే. "ఉత్తర్వు వచ్చాక రాజీనామా చేస్తాను" అన్న ఏర్పాటు పనిచేయదు. ముందే ఆ బాధ్యత నుంచి తప్పుకుని, రిలీవింగ్ కాగితం జత చేసి దరఖాస్తు పెట్టాలి.

అదీగాక, మీ సంస్థ హాజరుపరిచిన బిడ్డ గురించి మీరే తీర్పు చెప్పవలసి వస్తుంది. చట్టం అడ్డుచెప్పకపోయినా మీకే కూర్చోబుద్ధి కాదు.

విశ్రాంత సూపరింటెండెంట్, గుంటూరు:

నేను పొరపడ్డాను. మా కార్పొరేషన్ బోర్డుల అలవాటును దీనికి అంటగట్టాను. న్యాయవాది గారు సరిదిద్దినందుకు సంతోషం.

పటమట పాఠకురాలు, విజయవాడ:

ఆ జిల్లా కమిటీ నియామక జీవో తీయించి చూశాను. మిగిలింది పదమూడు నెలలు. పదమూడు నెలల కోసం ఉద్యోగం మానుకుని, రెండు అవకాశాల్లో ఒకటి ఖర్చు చేసుకోవడం నాకు కుదరదు, కాబట్టి కొత్త కమిటీ నోటిఫికేషన్ దాకా ఆగుతాను. అయితే మా వీధిలో ఒక విశ్రాంత హైస్కూలు టీచరు ఉన్నారు. బీఈడీ చేసి పాతికేళ్లు పాఠాలు చెప్పారు, పింఛను వస్తుంది, ఏ సంస్థలోనూ బాధ్యత లేదు. విద్యలో డిగ్రీ, పిల్లల విద్యలో ఏడేళ్ల పని అన్న అర్హత ఆవిడకు సరిపోతుందా?

మాజీ సభ్యురాలు, గుంటూరు:

సరిపోతుంది. కానీ వయసు పరిమితి నోటిఫికేషన్‌లో ఎంత పెట్టారో చూసి పంపించండి. స్కూలు ఇచ్చిన సర్వీసు సర్టిఫికెట్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశారో స్పష్టంగా ఉండేలా చూసుకోమనండి. నా దరఖాస్తు మొదటిసారి వెనక్కి వచ్చింది ఆ ఒక్క లోపంతోనే. ఇంటర్వ్యూకు ముందు ఒకసారి గుంటూరు వచ్చి నన్ను కలవమనండి, సిట్టింగులో ఏం జరుగుతుందో కూర్చోబెట్టి చెబుతాను.